భీమిలిరేవు - వాడబలిజలు

విశాఖపట్టణమునకు ఈశాన్యమున సుమారు 25 కిలోమీటర్ల దూరమున, గోస్తనీనది సముద్రమునఁ గలియుచోట, భీమునిపట్టణమను చిన్న యూరు గలదు. తూర్పుకనుమల కొండలు కొన్ని యిచ్చట సముద్రమునకు మిక్కిలి చేరువగా వచ్చినవి. ఊరికిఁ బైగా పావురాలకొండ. దక్షిణపుదెసను వానలు కోయఁగా గండ్లుపడిన యెఱ్ఱమట్టిదిబ్బలు. దరిని నల్లని రాళ్లు. వానిపై నెడతెగక విఱుగు కెరటములు. ఓడ నిలుచుటకుఁ దగిన కోడుగాని మఱుఁగుగాని యీ తీరమున లేదు. అయినను ఇది చిరకాలము గొప్ప రేవై వెలసెను. ఇది యెట్లు పొసఁగెనని విచారింపకయే మన చరిత్రకారులు పెక్కండ్రు ఈ యూరిని గుఱించి వ్రాసియున్నారు. గడచిన మాఘమాసమున నేను బోవువఱకు నేనును వారిలో నొకఁడనే.

నేను బోయినది ఒలందావారి సమాధులను, పావురాలకొండమీఁది శిథిలములను జూచుటకు. వానికంటె ముఖ్యమని యిప్పుడు నాకుఁ దోఁచుచున్నది, అచ్చటి యిసుకమీఁద నాకుఁ గలిగిన యొక సవరణము. దానిని బాఠకులకు నివేదించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట ఊరిపేరు విచారింతము. పట్టణశబ్దము సామాన్యముగా నగరవాచకమని మన మెఱుఁగుదుము. కాని తెలుఁగుదేశమున నీ శబ్దము చివరఁగల పేళ్లను వరుసగాఁ జెప్పి చూడుఁడు: కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, మచిలీపట్టణము, నిజాంపట్టణము, కృష్ణపట్టణము. అన్నియు సముద్రతీరముననే యున్నవి. అరవమున పట్టినమనఁగా సముద్రపుదరి యూరనియు, పట్టణమనఁగా నగరమనియు భేదము నేఁటికిని బాటింపఁబడుచున్నది. మన భాషలో నీ రెండును ఒక రూపమునఁ గలిసిపోయినను, ఊళ్ల పేళ్లలో మాత్రము పూర్వార్థము నిలిచినట్లున్నది. కన్నడదేశపు శ్రీరంగపట్టణమువంటి వపవాదములు లేకపోలేదు. అయినను మన తీరమున పట్టణమనఁగా రేవని గ్రహించుట కీ వరుస చాలును.

ఇఁక భీమిలి. జనులందఱు నోట ననునది యిదియే. వ్రాఁతలో భీమునిపట్టణమని యుండఁగా, భీమిలియను రూపము పామరుల నోటఁ బుట్టిన యిటీవలి కుదింపని నేను దలంచుచుండెడివాఁడను. ఈ తలఁపునకుఁ బాశ్చాత్యుల వ్రాఁతలే బాధకములు. వారు తమ లిపులలో నీ యూరిని బిమిలిపట్నమనియు బిమ్లిపటమనియు వ్రాసికొనిరి. భీమునిపట్టణమనియే వారి చెవిఁ బడియుండినయెడల నకారముండవలసినచోట లకారమేల వచ్చును? కాఁబట్టి రేవున వారు వినినది భీమిలిపట్టణమని యూహింపవచ్చును. మన గోగునార యీ రేవునుండి యెగుమతియై, దేశాంతరపు టంగళ్లలో బిమ్లి జూటను పేరఁ బరగినది. మనము నిన్నటి యపభ్రంశమని త్రోసివేసిన నోటిమాటను విదేశపు వర్తకుఁడు తన లెక్కలలో భద్రపఱచినాఁడు. భీముని యూరగుటచే నీ పేరు వచ్చినదని స్థలపురాణము. ఆ కథతో నాకిప్పుడు పనిలేదు. నోటి రూపము వ్రాఁతరూపముకంటెఁ దక్కువ సాక్షి కాదనుటయే నాకుఁ గావలసినది.

ఈ తీరపు వర్తకము క్రొత్తది కాదు. పావురాలకొండపై సుమారు రెండువేలయేండ్లనాఁటి బౌద్ధవిహార శిథిలములును, వాననీటికై రాతిలోఁ దొలిచిన తొట్లును గలవు. విశాఖవైపునఁ గల తొట్లకొండమీఁది విహారమున శాతవాహనుల నాణెములతోఁబాటు రోమకుల వెండినాణెములును దొరకినవి. యజ్ఞశ్రీశాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల యోడ ముద్రింపఁబడినది. ఒలందావారు 17వ శతాబ్దమున నీ తీరమునకు వచ్చి, మచిలీపట్టణము, పాలకొల్లు, ద్రాక్షారామము మొదలగుచోట్లవలెనే యిచ్చటను వర్తకశాల నెలకొల్పిరి. మన నేఁతబట్టలను గొని తూర్పుదీవులకుఁ గొనిపోయి, అచ్చట వానికి మాఱుగా సుగంధద్రవ్యములను గొనుట వారి వర్తకపు మూలసూత్రము. 1781లోను 1795లోను జరిగిన యుద్ధములలో నీ రేవు ఆంగ్లేయుల చేతఁ జిక్కి, రెండు మాఱులును దిరిగి యొలందావారికి వచ్చెను. తుదకు 1824నాఁటి లండను సంధిచే నాంగ్లేయుల కీయఁబడి 1825లో వారి వశమయ్యెను. 1861లోనే యిచ్చట పురపాలకసంఘ మేర్పడినది. మనదేశమున మిక్కిలి పాతవానిలో నిది యొకటి.

సమాధులు నేఁటికిని నిలిచియున్నవి. కొన్ని శిఖరములవలె మొనదేఱి యున్నవి. కొన్ని బల్లపఱపుగా నున్నవి. రాళ్లపై మృతుని పేరు, పుట్టినయూరు, జీవించిన యేండ్లు నొలందాభాషలోఁ జెక్కఁబడినవి. ఉప్పుగాలికి నక్షరములు కొన్ని యరిగినను జదువఁదగినవే. స్వదేశమునకుఁ బోకయే కన్నుమూసిన యా వర్తకులను దలంచికొన్న జాలి పుట్టక మానదు. వారికి రాళ్లైనఁ గలవు.

మఱి యోడ నిలుచుటకుఁ జోటులేని యీ రేవున సరకు గట్టున కెట్లు చేరెను? ఓడ దూరముగా లోనీటిలో లంగరు వేయును. దానికిని దరికిని నడుమ మూఁడు వరుసల కెరటములు విఱుగుచుండును. యూరోపువారి మేకుల పడవ యందుఁ జొచ్చినచోఁ బగిలిపోవును. మనవారి పడవ యట్టిది కాదు. పలకలను కొబ్బరిపీఁచు త్రాళ్లతోఁ గుట్టి, సందులలోఁ బీఁచు దట్టించి, ఒక్క యినుపమేకైనను లేకుండఁ గట్టుదురు. దెబ్బ తగిలినప్పు డది వంగి మరలఁ జక్కనగును. సూదిపోటు తప్ప సుత్తిపోటు లేని యా పడవమీఁదనే బట్టలమూటలు, ధాన్యము, నువ్వులు, గోగునార, తుదకు దొరలును ఓడకుఁ బోయిరి, ఓడనుండి వచ్చిరి. కెరట మెప్పుడు విఱుగునో యెఱిఁగిన తెడ్లవాండ్రు లేనిచో నొలందావారికి భీమిలి దూరమునుండి చూచు కొండ మాత్రమే. ఆ తెడ్లవాండ్ర కొక రాయియు లేదు.

ఈ సంగతి చింతించుచునే సాయంకాలమున నిసుకపైఁ గూర్చుంటిని. అచ్చట నొక వృద్ధుఁడు వల బాగుచేసికొనుచుండెను. మాటలలో నతఁడు తాము వాడబలిజలమని చెప్పెను. ఈ పేరునకు నేను పదునైదేండ్లుగా విద్యార్థులకుఁ జెప్పుచువచ్చిన వ్యుత్పత్తి యొకటి కలదు: వాడయనఁగా వీథి, వాడలయందుండు బలిజలు వాడబలిజలని. నేను పెద్దఱికముతో దానినే యతనికి వినిపించితిని. అతఁడు చేతిలోని దారము విడువకయే, “వాడంటే ఈది కాదు బాబూ, ఓడ. మాయి ఓడల బతుకులు” అనెను. అంతకుమించి వాదింపలేదు. వాదింపవలసిన పనియు నతనికి లేదు.

నేనింటికి వచ్చి విచారించితిని. ఓడశబ్దమునకు వాడయను రూపాంతరము మన భాషలోఁ గలదు. చీరాల దరి వాడరేవే యిందులకుఁ దార్కాణము. అది వీథిరేవు గాదు, ఓడరేవు. ఓకారముతో మొదలగు తెలుఁగుమాటలను బలుకునపుడు వకారధ్వని తోడగుట మన నోళ్లకు సహజము. 1858నాఁటి బాలవ్యాకరణము వొ, వో లను తెనుఁగుమాటల మొదట నంగీకరింపకపోవుటయే యా పలుకుబడి యుండెననుటకు సాక్ష్యము. లేనిదానిని నిషేధింప నెవరికిఁ బని? వోడ వాడగుటకు సూత్రము చెప్పఁజాలను గాని, రెండురూపములు నుండుట ప్రత్యక్షము. సంస్కృతకోశములందు హోడశబ్దము పడవ యర్థమునఁ గానవచ్చుచున్నది. అదియు దక్షిణపుదేశపు మాట యటకుఁ బోయినదే యనుట సమంజసము.

వాడబలిజయనఁగా నోడబలిజ యైనచోఁ దరువాతి మాటయు గమనింపఁదగినది. బలిజశబ్దము వర్తకులకుఁ జెల్లునది. కావున వీరు చేపలు పట్టువారు మాత్రమే కాక, ఒకప్పుడు ఓడవర్తకమునఁ బాలుగలవారని యీ పేరు సూచించుచున్నది. ఇది సూచనయే గాని నిర్ణయము గాదు. కులములు గౌరవమునకై పేళ్లు గ్రహించుటయుఁ గలదని యాక్షేపింపవచ్చును. గౌరవమునకే యైనచో బలిజపదమొక్కటి చాలును. దానిముందు ఓడను నిలుపుట వృత్తి జ్ఞాపకమని నా యభిప్రాయము. 1244-45 ప్రాంతమున కాకతి గణపతిదేవుఁడు మోటుపల్లిలో నభయశాసనము వేయించి, గాలికిఁ జెదరి గట్టునఁ బడిన యోడల సరకును రాజులు లాగికొనుట మాన్పి, సుంకము మాత్రమే గ్రహింతునని యోడవర్తకులకు మాట యిచ్చెను. ఆ శాసనము వర్తకుని సొమ్మును రక్షించినది. ఆ సొమ్మును గెరటముదాఁటించిన చేతులకు శాసనము లేదు. వారికిఁ దమ పేరే శాసనము. దానిని నేను వీథియని చదివి యిన్నాళ్లును జెఱిపితిని.

1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము తెఱవఁబడినపిమ్మట ఓడలు భీమిలికి రావలసిన యవసరము తీఱినది. 2013లో ఊరును విశాఖ మహానగరపాలకసంస్థలోఁ గలిపిరి. ఇసుకపై నేఁడు కుట్టుపడవ నాకుఁ గనఁబడలేదు. కొయ్యతెప్పలకు మాఱుగా ఫైబరుపడవలు, తెఱచాపకు మాఱుగా యంత్రములు వచ్చినవి. కెరటములలోఁ బ్రాణముల నొడ్డువారి కివి మేలే చేసినవి. వానిని నేను నిందింపను. అయితే పడవతోఁబాటు దాని కుట్టునకు, త్రాళ్లకు, తెడ్లకు, గాలులకుఁ గల మాటలును బోవును. ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయపదములతో వృత్తిపదకోశమును బ్రారంభించి యెట్లు పనిచేయవలెనో చూపినది. కుట్టుపడవ నెఱిఁగిన వృద్ధులు కొలఁదిమంది యింకను మిగిలియుండఁగానే తీరపుమాటల నట్లే యూరూరఁ బోయి వ్రాసికొనవలెను.

కళింగపట్టణము, పూడిమడక, ఉప్పాడ, మోటుపల్లి ప్రాంతముల పాఠకులు తమ తీరమున ఓడ, వాడ శబ్దము లేయే యర్థములలో వాడుకలో నున్నవో విచారించి యీ పత్రికకుఁ దెలుపఁ గోరుచున్నాను. నా వ్యుత్పత్తి మరలఁ దప్పైనచో సంతోషముతో దిద్దుకొందును. అడుగునపుడు మాత్రము మన యర్థమును ముందు చెప్పక, వారు చెప్పినదానిని ముందు వ్రాసికొనుట మేలు.