ఐదు మాత్రల డ్రమ్ము – జో మొరెల్లో జీవిత విశేషాలు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు కోరారు. గండికోట మీద, జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరస్వామి గుడి మీద, పులివెందుల రంగనాథస్వామి మీద నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. కాబట్టి ఆ జోలికి పోకుండా, అమెరికా దేశపు డ్రమ్ము విద్వాంసుడు జో మొరెల్లో గురించి రాస్తున్నాను. ఆయన పేరు మనలో విననివారే ఎక్కువ. ఆయన వాయించిన ఒక పాట మాత్రం ఏ హోటల్లోనో, టీవీ ప్రకటనలోనో చాలామంది చెవిన పడే ఉంటుంది. దాని పేరు 'టేక్ ఫైవ్'.

నేను దాన్ని మొదట విన్నది 1970లలో, జమ్మలమడుగులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో. రాత్రిపూట రేడియోలో షార్ట్‌వేవ్ ముల్లు తిప్పుతుంటే వాయిస్ ఆఫ్ అమెరికా తగిలేది. అందులో విల్లిస్ కానోవర్ అనే ఆయన జాజ్ సంగీతం వినిపించేవాడు. ఆ కార్యక్రమం 1955 నుంచి 1996లో ఆయన చనిపోయేదాకా నడిచింది. పరదేశస్థులకు అర్థం కావాలని ఆయన ఒక్కొక్క మాట విడివిడిగా, నిదానంగా పలికేవాడు. నాబోటివాడి ఇంగ్లీషుకు అదే సరిపోయింది. విచిత్రమేమంటే ఆయన పేరు మనలాంటివారికి తెలిసినంతగా సొంతదేశంలో తెలియదు. 1948 నాటి అమెరికా చట్టం ప్రకారం వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసారాలు విదేశీయుల కోసమే ఉద్దేశించినవి.

జాజ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. బానిసలుగా తీసుకుపోబడిన ఆఫ్రికా ప్రజల సంతతివారు ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లో న్యూ ఆర్లియన్స్ ప్రాంతంలో పెంచి పోషించిన సంగీతం ఇది. వరుస ఒకటి పెట్టుకుని, దానిమీద ఎవరి మనోధర్మం కొద్దీ వారు అక్కడికక్కడ కల్పన చేస్తారు. మన కచేరీలో కల్పనస్వరం వంటిదే. డ్రమ్ము వాయించేవాడికి మాత్రం మన డోలు విద్వాంసుడి కంటే పని ఎక్కువ. డోలుకు ఒక చేతిలో పుల్ల, రెండో చేతి వేళ్లకు తొడుగులు ఉంటే చాలు. అక్కడ కుడికాలితో పెద్ద డ్రమ్ము, ఎడమకాలితో జంట తాళాలు, రెండు చేతులతో చిన్న డ్రమ్ములూ కంచు పళ్లేలూ మోగించాలి. నాలుగు అవయవాలకు నాలుగు లెక్కలు. శతావధానులకు పేరుపడ్డ ప్రొద్దుటూరు వారికి ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

జో మొరెల్లో 1928 జూలై 17న మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో పుట్టారు. పుట్టుకతోనే కంటిచూపు సరిగా లేదు. తోటిపిల్లలతో ఆటలకు పోలేడు కనుక తల్లిదండ్రులు ఆరో ఏట చేతికి వయొలిన్ ఇచ్చారు. తొమ్మిదో ఏటికే బోస్టన్ సింఫనీ వాద్యబృందంతో కలిసి మెండెల్‌సన్ రచన వాయించాడు. అలాంటి పిల్లవాడు పదిహేనో ఏట తన ఆరాధ్యదైవమైన యాషా హైఫెట్స్‌ను చూసి, ఆయన వయొలిన్ విని, ఆ నాదం తనకు ఎన్నటికీ రాదని నిశ్చయించుకున్నాడు. వయొలిన్ పక్కన పెట్టేశాడు. పదిహేనేళ్ల వయసులో అంత నిర్దాక్షిణ్యంగా తన్ను తాను తూచుకోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

తర్వాత డ్రమ్ము పట్టాడు. ఊళ్లో నాటకాలకు వాయించే జో సెఫ్‌సిక్ దగ్గర మొదలుపెట్టి, బోస్టన్‌లో జార్జ్ లారెన్స్ స్టోన్ అనే గురువు దగ్గరికి చేరాడు. ఈ స్టోన్ 1935లో 'స్టిక్ కంట్రోల్' అనే అభ్యాస గ్రంథం రాసినవారు. కుడి, ఎడమ, కుడి, కుడి అంటూ వరుసలు తప్ప అందులో మరేమీ ఉండదు. మన సరళీస్వరాలు, జంటస్వరాల లాంటివనుకోండి. మొరెల్లో ఆ పాఠాలనే తీసుకుని, ఒక్కో దెబ్బకు ఒక్కోచోట ఊనిక మార్చి వాయించి చూపేవాడట. శిష్యుడు చేసిన ఆ పని చూసి గురువు రెండో పుస్తకం రాశాడు. 1961లో వచ్చిన 'యాక్సెంట్స్ అండ్ రీబౌండ్స్' అనే ఆ పుస్తకాన్ని శిష్యుడికే అంకితం ఇచ్చాడు. మొరెల్లోకు సింఫనీ బృందంలో చేరాలని కోరిక. చూపు మందగించిన వాడు దూరాన నిలబడిన నిర్దేశకుడి చేతిని, కాగితంమీది స్వరాలను చూస్తూ ఎలా వాయిస్తాడు? జాజ్ వైపు పొమ్మని గురువే నచ్చజెప్పాడు.

1952లో న్యూయార్క్ చేరి, మరుసటి ఏడాది మేరియన్ మెక్‌పార్ట్‌లండ్ అనే పియానో విద్వాంసురాలి త్రయంలో కుదిరారు. హికరీ హౌస్ అనే భోజనశాలలో వారి కచేరీ. పుల్లలకు బదులు సన్నని తీగల కుంచెలతో డ్రమ్మును తడిమి వాయించడంలో మొరెల్లోది అందెవేసిన చెయ్యి. అది విని మెచ్చుకున్నవారిలో పాల్ డెస్మండ్ అనే శాక్సఫోన్ విద్వాంసుడు ఒకడు. డేవ్ బ్రూబెక్ అనే పియానో విద్వాంసుడి చతుష్టయంలో డెస్మండ్‌ది ప్రధాన స్వరం. బ్రూబెక్ బొమ్మ 1954లోనే టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. 1956లో తమ డ్రమ్మరు మానుకోగా, మొరెల్లో అయితే బాగుంటుందని డెస్మండే సూచించాడు.

ఇక్కడినుంచి కథ మన ఆఫీసుల కథలాగా ఉంటుంది. బ్రూబెక్ పిలిచినప్పుడు మొరెల్లో వెంటనే సరేననలేదు. మీ కచేరీ చూశాను, వెలుగంతా మీ ఇద్దరిమీదే పడుతుంది, డ్రమ్మరు చీకట్లో కూర్చుంటాడు, నేను వాయించడానికి వస్తాను కానీ చీకట్లో కూర్చోవడానికి కాదు అన్నాడు. ఇది పొగరు అని కొందరు అనవచ్చు. ఉద్యోగంలో చేరేముందే షరతు చెప్పడం నా దృష్టిలో నిజాయితీ. బ్రూబెక్ ఒప్పుకున్నాడు. చికాగోలోని బ్లూనోట్‌లో మొదటి కచేరీ. బ్రూబెక్ మాట నిలబెట్టుకుని కొత్తవాడికి తనియావర్తనానికి అవకాశం ఇచ్చాడు. అయిపోయేసరికి సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. డెస్మండ్ వేదిక దిగి వెళ్లిపోయాడు. మెత్తగా కుంచెలతో వెనుక ఉంటాడని సిఫారసు చేసిన మనిషి ముందుకొచ్చి సభ గెలవడం ఆయనకు మింగుడు పడలేదు. వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి అన్నాడు. బ్రూబెక్ జవాబు ఒక్కటే: అతను మాత్రం వెళ్లడు. మరుసటి రాత్రి డెస్మండ్ వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. వచ్చాడు. రెండు నెలలకని కుదిరిన మొరెల్లో పదకొండేళ్లకు పైగా, 1967 చివర్లో చతుష్టయం విడిపోయేవరకు ఉన్నారు. ఆ ఇద్దరూ కాలక్రమాన మంచి మిత్రులయ్యారు.

1958లో అమెరికా విదేశాంగ శాఖ వారిని పోలండు, టర్కీ, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, భారతదేశం, సింహళం, ఇరాన్, ఇరాక్‌లకు పంపింది. ప్రచ్ఛన్నయుద్ధపు రోజులు. రష్యావారు నాట్య బృందాలను పంపిస్తే అమెరికావారు జాజ్ బృందాలను పంపేవారు. నల్లజాతివాడైన బేస్ వాద్యకారుడు యూజీన్ రైట్ ఆ ఏడే బృందంలో చేరాడు. మా దేశంలో స్వేచ్ఛ ఎలా ఉందో చూడండి అని పరాయి దేశాల్లో చూపించిన బృందమే 1960లో సొంతదేశపు దక్షిణాది కళాశాలలకు పోబోతే, నల్లవాడు వేదిక ఎక్కితే ఒప్పుకోమని ఆ కళాశాలలు పట్టుబట్టాయి. రైట్‌ను మార్చడం కంటే ఆ కచేరీలను పోగొట్టుకోవడమే మేలని బ్రూబెక్ నిర్ణయించాడు. ఆయన పియానో గురించి భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు, ఈ విషయంలో ఉండనక్కరలేదు.

మన దేశంలో బ్రూబెక్ సితార్ విద్వాంసుడు అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో కలిసి వాయించారు. టర్కీ వీధుల్లో రెండు, రెండు, రెండు, మూడుగా విరిగే తొమ్మిది లెక్క విన్నారు. తిరిగి వెళ్లాక చేసిన రికార్డులో 'కలకత్తా బ్లూస్' ఒకటి. అందులో మొరెల్లో పుల్లలు పక్కన పెట్టి చేతులతో వాయించారు. వింటే తబలా గుర్తొస్తుంది.

అప్పటివరకు జాజ్ దాదాపు అంతా నాలుగు లెక్కలోనే నడిచేది, అక్కడక్కడ మూడు. నాట్యమాడేవారి కాళ్లకు అదే అలవాటు. మొరెల్లోకు కచేరీ ముందు తెరవెనుక కూర్చుని ఐదు లెక్కలో వాయించుకోవడం అలవాటు. దానిమీద ఒక వరుస కట్టమని బ్రూబెక్ డెస్మండ్‌ను అడిగాడు. డ్రమ్ము తనియావర్తనానికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో డెస్మండ్ రెండు చిన్న వరుసలు తెచ్చాడు. రెంటినీ కలపమని బ్రూబెక్ సలహా. 1959 జూన్ 25న రికార్డు చేయబోయి, ఇరవైకి పైగా ప్రయత్నాలు చేసి, ఎవరో ఒకరు లెక్క తప్పుతుండగా విడిచిపెట్టారు. జూలై 1న న్యూయార్క్ 30వ వీధిలో చర్చిని మార్చి కట్టిన కొలంబియా స్టూడియోలో కుదిరింది. అదే 'టేక్ ఫైవ్'.

ఇందులో లెక్క మూడు, రెండు: తకిట తక. మన ఖండచాపు రెండు, మూడు: తక తకిట. తిరగేసిన ఖండచాపు అన్నమాట. తెలుగు ఛందస్సు చదివినవారికి ద్విరదగతి రగడ ఐదు మాత్రల నడకే. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ప్రొద్దుటూరులో శివతాండవం రాసి, చదివి వినిపించిన కాలానికి ఇక్కడివారి చెవులు ఎన్ని నడకలకు అలవాటుపడి ఉన్నాయో చెప్పనక్కరలేదు. మన చెక్కభజన గురువు కూడా మధ్యలో నడక మార్చి, పిల్లలచేత చిందు మార్పించి, మళ్లీ ఎత్తుగడకు తెస్తాడు. అంతమాత్రాన అమెరికావారు మన దగ్గరే నేర్చుకున్నారని చాటుకోవడం నాకిష్టం లేదు. రష్యా దేశపు చైకోవ్‌స్కీ 1893లోనే తన ఆరో సింఫనీలో ఒక భాగాన్ని ఐదులో రాశాడు. మొరెల్లో చేసిన ఘనత వేరు. లెక్కపెట్టుకోవడం చేతకాని కోట్లమంది చేత ఐదుకు తల ఊపించాడు.

కంపెనీ అధికారులకు ఆ రికార్డు నచ్చలేదు. నాట్యానికి పనికిరాదు, అన్నీ కొత్త రచనలు, అట్టమీద ఫొటోకు బదులు చిత్రలేఖనం. అయినా పై అధికారి గాడర్డ్ లీబర్సన్ పూనుకోవడంతో 'టైమ్ అవుట్' 1959 డిసెంబరులో బయటికొచ్చింది. 1961లో 'టేక్ ఫైవ్' విడి రికార్డు అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 25వ స్థానం దాకా ఎక్కింది. ఏ మాటలూ లేని జాజ్ వాద్యగీతానికి అది చాలా పెద్ద విషయం.

రచయితగా పేరు పాల్ డెస్మండ్ ఒక్కడిదే. చట్టప్రకారం వరుస కట్టినవాడే కర్త, తాళం వేసినవాడికి హక్కు లేదు. మన ఆఫీసుల్లో ముసాయిదా రాసి పుటప్ చేసేది గుమాస్తా, సంతకం అధికారిది. ఒక ఆఫీసులో నేను రెండు నెలలు రికార్డులు తిరగేసి రాసిన నివేదిక అక్షరం మారకుండా మరొకరి పేరుతో పైకి పోయి ప్రశంస తెచ్చుకుంది. అందువల్ల నా సానుభూతి ఎటు ఉంటుందో చదువరులు గ్రహించగలరు. న్యాయంగా చెప్పాలంటే మాత్రం డెస్మండ్ వరుస లేకపోతే ఆ ఐదు దెబ్బలు తెరవెనుకే ఉండిపోయేవి. ఆ పాట పారేయదగ్గదని మొదట్లో ఆయనే అనుకున్నాడు. 1977 మే 30న ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోతూ దాని రాబడి హక్కులను అమెరికా రెడ్‌క్రాస్‌కు రాసిపోయాడు. ఏడాదికి సుమారు లక్ష డాలర్లు ఆ సంస్థకు చేరుతూ వచ్చాయని చెబుతారు.

మొరెల్లో పేరు నిలబెట్టిన రికార్డు మరొకటి ఉంది. 1963 ఫిబ్రవరిలో కార్నెగీ హాలులో వాయించిన 'కాస్టిలియన్ డ్రమ్స్'. వేగం కోసం కాదు, నాదం కోసం వినాలి. పుల్ల ఆనీ ఆననట్టు తగిలి, గుసగుసలా మొదలై, హాలంతా నిండుతుంది. పుల్లను గట్టిగా బిగించి పట్టవద్దు, అది తనంతట తాను ఎగిరి వస్తుంది, దాన్ని రానివ్వండి అన్నదే ఆయన బోధ సారాంశం.

చతుష్టయం విడిపోయాక ఆయన పాఠాలు చెప్పడంలో పడ్డారు. 1976లో చూపు పూర్తిగా పోయింది. శుక్లాల ఆపరేషను తర్వాత కంటికి కట్టుతో వారంరోజులు గడపడమే మనలో చాలామందికి కష్టమైంది. ఆయన కుక్క సాయంతో నడుస్తూ, శిష్యుల పుల్ల శబ్దాన్ని బట్టి మణికట్టులో తప్పు ఎక్కడుందో పట్టుకునేవారు. 1983లో 'మాస్టర్ స్టడీస్' అనే పుస్తకం వెలువరించారు. నేర్చుకున్నవారిలో డానీ గాట్లీబ్, రాక్ సంగీతంలో పేరుపొందిన మ్యాక్స్ వైన్‌బర్గ్ ఉన్నారు.

2011 మార్చి 12న న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్‌లో 82వ ఏట మరణించారు. బ్రూబెక్ 2012 డిసెంబరులో, యూజీన్ రైట్ 2020 డిసెంబరులో వెళ్లిపోయారు. ఆ నలుగురిలో ఇప్పుడెవరూ లేరు.

పాట వినాలనుకునేవారు మనవళ్లను అడిగితే ఫోనులో పెట్టి ఇస్తారు. తకిట తక అని తొడమీద వేసుకుంటూ వినండి. మధ్యలో మొరెల్లో తనియావర్తనం వస్తుంది. అక్కడ మీ లెక్క తప్పినా కంగారు పడనక్కరలేదు. వెనుక బ్రూబెక్ పియానో ఆ ఐదును వదలకుండా పట్టుకునే ఉంటుంది, దాన్ని అందుకోవచ్చు.