ఇల్లాలి పేరున్న రాళ్ళు

సెలవు రోజంటే మన ఇళ్ళలో అందరికీ విశ్రాంతి, ఒక్క ఇల్లాలికి తప్ప. ఆదివారంనాడు అందరూ ఆలస్యంగా లేస్తారు. కాఫీలు రెండు విడతలు, టిఫిన్లు మూడు విడతలు. మధ్యాహ్నం నాలుగు కూరలూ, పులుసూ ఉండాల్సిందే. గిన్నెలు కడిగి, వంటగది సర్ది, ఒక్క క్షణం నడుం వాల్చుదామనుకునేసరికి పిల్లలు "అమ్మా, ఎక్కడికైనా వెళ్దామే" అని గోల పెడతారు. అప్పుడు సినిమాకో, చుట్టాలింటికో బయల్దేరతాం. పొరపాటున ఎవరైనా మ్యూజియం పేరెత్తితే మాత్రం, "ఏముందండీ అక్కడ, రాళ్ళూ రప్పలూనూ" అని తీసిపారేస్తాం. ఊరినుంచి చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించే మొక్కుబడి చోటుగానే మ్యూజియం మిగిలిపోయింది.

నిజానికి ఆ రాళ్ళతో మనలాంటి ఇల్లాళ్ళకి చాలా దగ్గరి సంబంధం ఉంది. సెలవునాడు మ్యూజియానికి వెళ్ళే అలవాటు మన వాళ్ళకి ఎలా అబ్బిందో ముందు చెప్పి, ఆ తర్వాత ఆ సంబంధం సంగతి చెబుతాను.

మన దేశంలో మొదటి మ్యూజియం 1814లో కలకత్తాలో వెలిసింది. మద్రాసులో 1851లో ప్రారంభమైంది. అప్పట్లో కోస్తా జిల్లాలూ, రాయలసీమా మద్రాసు రాజధానిలోనే ఉండేవి కదా! చదువుకైనా, వ్యాజ్యానికైనా, వైద్యానికైనా మన పెద్దలు మద్రాసే వెళ్ళేవారు. అందుకని ఆ మ్యూజియం మన తెలుగువాళ్ళకి కూడా ఇంటి మ్యూజియం లాంటిదే.

మొదట దాన్ని నుంగంబాకంలో సెయింట్ జార్జి కోట కాలేజీ భవనంలో పెట్టారు. అందులో ఉన్నవి చాలావరకు రకరకాల రాళ్ళూ, ఖనిజాలూను. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు దాని బాధ్యత చూసేవాడు. 1854లో దాన్ని ఎగ్మూరులోని పాంథియాన్‌కి మార్చారు. అంతకుముందు దొరలూ, దొరసానులూ నాటకాలు వేసుకుని, నాట్యాలాడి, విందులు చేసుకున్న చోటు అది. మామూలు జనానికి గేటు దగ్గర నిలబడే హక్కు కూడా లేని ఆవరణలో అందరూ వచ్చి చూసే ప్రదర్శనశాల వెలిసింది.

అయితే వట్టి రాళ్ళు చూడడానికి జనం వస్తారా? బాల్ఫోర్ ఒక ఉపాయం చేశాడు. మ్యూజియం ఆవరణలో బతికున్న పులిని పెట్టాడు. ఇంకేముంది, పులిని చూడడానికి జనం విరగబడ్డారు. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని లోపలి వస్తువులూ చూసి వెళ్ళేవారు. చేదుమందు తేనెలో రంగరించి పిల్లలకి పెడతాం చూడండి, అలాగన్నమాట! 1855 నాటికి అది ఒక చిన్న జంతుప్రదర్శనశాలే అయింది. తర్వాత కొన్నేళ్ళకి జంతువుల్ని పీపుల్స్ పార్కుకి మార్చారు. 1985లో ఆ జూ నగరం బయట వండలూరుకి వెళ్ళింది.

మ్యూజియం మొదట కాలేజీ భవనంలో ఉండడంవల్ల కాబోలు, జనం నోట అది కాలేజీగానే ఉండిపోయింది. మద్రాసులో మ్యూజియానికి 'చచ్చిన కాలేజీ' అనీ, జూకి 'బతికిన కాలేజీ' అనీ పేర్లు పడ్డాయి. చదువు రాని జనం పెట్టిన పేర్లని నవ్వకండి. బోర్డు చదవలేకపోయినా కళ్ళతో చూసి నేర్చుకునే చోటు కాబట్టి కాలేజీ అనడంలో తప్పేముంది?

అరవవారికి సంక్రాంతి వరుసలో 'కానుం పొంగల్' అని ఒక రోజుంది. మన ముక్కనుమనాడు వస్తుంది. 'కానుం' అంటే చూడడం. ఆ రోజు ఇళ్ళలో పొయ్యి పని తగ్గించుకుని, చిత్రాన్నాలు మూటగట్టుకుని, పిల్లాజెల్లాతో సముద్రపు ఒడ్డుకీ, తోటలకీ వెళతారు. వందేళ్ళ కిందట ఆ జనమే వేలాదిగా మ్యూజియంలోకి కూడా వచ్చేవారు. వచ్చేవాళ్ళంతా కూలివాళ్ళూ, చిన్న ఉద్యోగులూ, వాళ్ళ ఇల్లాళ్ళూ. వీళ్ళు చదువుకోడానికి రావడం లేదు, వింతలు చూడడానికి వస్తున్నారని కొందరు అధికారులు పెదవి విరిచారు. కానీ జనం రావడం మానలేదు.

మరి ఘోషా పాటించే స్త్రీల సంగతి? పరాయి మగవాళ్ళ మధ్యకి రాలేని ఆడవాళ్ళ కోసం 19వ శతాబ్దం చివరి రోజుల్లో మద్రాసు మ్యూజియం ప్రత్యేకంగా సమయం కేటాయించింది. అప్పుడు స్త్రీలకే ప్రవేశం. ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య గడిపే ఆడది ఆ తలుపు దాటి లోపలికి వచ్చి, తిమింగలం ఎముకల నుంచి పాతకాలపు విగ్రహాలదాకా తీరిగ్గా చూసిందంటే, ఆ పూట ఆమెకి ఎంత విలువైనదో ఊహించండి. ఇవాళ మనకి ఏ ఘోషా లేదు. ఏ రోజైనా వెళ్ళవచ్చు. అయినా వెళ్ళం!

ఇక మొదట చెప్పిన సంబంధం మాటకి వస్తాను.

మద్రాసు మ్యూజియానికి పేరు తెచ్చిన వాటిల్లో మన గుంటూరు జిల్లా అమరావతి శిల్పాలు ముఖ్యమైనవి. పలనాటి సున్నపురాయి మీద చెక్కినవి. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున ఆ మహాస్తూపం వెలిగిపోయేది. కాలక్రమాన అది మట్టిదిబ్బ అయింది. 18వ శతాబ్దం చివర్లో అక్కడ కొత్త పట్నం కట్టేటప్పుడు దిబ్బ తవ్వి రాళ్ళు వాడుకున్నారు. కొన్ని పలకల్ని కాల్చి సున్నం చేశారు. ఆ రోజుల్లోనే మెకంజీ దొర వచ్చి చూసి, తర్వాత వాటికి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళని మద్రాసు తరలించారు. అక్కడవి చాలాకాలం ఎండకీ వానకీ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వంద పైచిలుకు పలకల్ని ఓడలకెక్కించి లండన్ పంపేశారు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి మద్రాసులో ఉన్నాయి. కొన్ని అమరావతిలోనే ఉన్న మ్యూజియంలో చూడవచ్చు. ఒక ఇంటి సామాను మూడిళ్ళ పాలైనట్టయింది.

మద్రాసులో ఉన్న వాటిల్లో ఒక గుండ్రటి శిల్పం చాలా ప్రసిద్ధం. బుద్ధుడి మీదికి నలగిరి అనే మదపుటేనుగును వదిలారు. ఒక పక్క ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తోంది. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లింది. ఒకే పలకలో రెండు సంఘటనలూ చూపించాడు శిల్పి. పైకి చూడండి. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. కింద ఒకావిడ భయంతో పక్కవాళ్ళని కరుచుకుపోయింది. వీధిలో గలభా జరిగితే మనం పిట్టగోడ దగ్గరికి పరుగెత్తమూ? అచ్చం అలాగే!

అంతకన్నా పెద్ద విషయం ఆ రాళ్ళమీది అక్షరాల్లో ఉంది. పలకల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో, ఫలానావారి దానం అని చెక్కి ఉంటుంది. రాజులు ఒక్కరే ఇచ్చారనుకుంటున్నారా? కాదు. వర్తకులూ, భిక్షువులూ, భిక్షుణులూ, మామూలు సంసారులూ ఇచ్చారు. విధికుడనే తోలుపని చేసేవాడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను ఇచ్చాడు. ఆంధ్రప్రదేశ్ రాజచిహ్నంలో ఉన్న పూర్ణకుంభం అమరావతి శిల్పం నుంచి తీసుకున్నదే. ఆ శాసనాల్లో పదేపదే కనిపించే మాట ఒకటుంది: 'ఘరణి'. అంటే గృహిణి. ఇల్లాలు. దాతల్లో ఆమె పేరుతో సహా ఉంటుంది.

ఇల్లు చూసుకునే ఆడది ఏం చేసిందని చరిత్రలో ఉంటుంది అని మనమే అంటూ ఉంటాం. ఇదుగో, ఇది చేసింది! ఇంటి ఖర్చులో మిగిల్చిందో, పుట్టింటి సొమ్మే ఇచ్చిందో, ఒక పలక చెక్కించి పేరు రాయించింది. స్తూపం కూలినా, దిబ్బ తవ్వేసినా, సముద్రాలు దాటినా ఆ పేరు చెరగలేదు.

హైదరాబాదు సోదరీమణులు మద్రాసుదాకా వెళ్ళనక్కర్లేదు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోలేదు. సంపాదనంతా వస్తువులు సేకరించడానికే వెచ్చించి, 1949లో కన్నుమూశారు. వారి నివాసం దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబర్ 16న నెహ్రూగారు మ్యూజియం ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. గంట గంటకీ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం పిల్లలకి పండగ. ముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మని 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నారు. పల్చటి మేలిముసుగులోంచి ముఖం కనిపించేలా రాతిని చెక్కిన పనితనం మనల్ని అక్కడినుంచి కదలనివ్వదు.

చివరగా రెండు మాటలు. మ్యూజియం మొత్తం ఒక్కరోజులో చూసేయాలని పరుగులు పెట్టకండి. కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. ఒక్కసారికి రెండు గదులు చాలు. పిల్లలకి "ఈ బొమ్మలో గాజులు ఎన్ని రకాలున్నాయి, జడ ఎలా వేసుకుంది" అని ప్రశ్నలిచ్చి వెతకమనండి. వాళ్ళకి ఆట, మీకు నిదానంగా చూసే వీలు. ఆ పూట వంట మాత్రం పెట్టుకోకండి. పులిహోర, పెరుగన్నం ముందే కలిపేస్తే సరి. ఇంట్లోవాళ్ళు డబ్బాల్లో సర్దడానికి ఒక చెయ్యి వేస్తారు, అడిగి చూడండి. ఇంకో సంగతి. సాలార్‌జంగ్‌కీ, మద్రాసుకీ, అమరావతికీ కూడా వారంలో సెలవు శుక్రవారమే. ఆ రోజు మనకెలాగూ పూజలూ నైవేద్యాలూ ఉంటాయి గనక, ఆదివారం పెట్టుకోండి.