పాతబస్తీలో మాల్ఫీ దొరసాని

చార్మినారు కట్టింది 1591లో. కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే లండన్‌లో, అతనికంటే ఒక్క ఏడాది పెద్దవాడు, నాటకాలు రాయడానికి కలం పట్టాడు. షేక్స్‌పియరే! వీళ్ళిద్దరూ ఒక ఈడువాళ్ళని నేను బి.ఏ. చదివేటప్పుడు ఎవరూ చెప్పలేదండీ. చరిత్ర పుస్తకం ఒక బీరువాలో, ఇంగ్లీషు పుస్తకం ఇంకో బీరువాలో.

ఇప్పుడా బీరువాలు రెండూ ఫోనులోకి వచ్చేశాయి. ఆక్స్‌ఫర్డులో ఎమ్మా స్మిత్ అనే ప్రొఫెసరుగారు తన విద్యార్థులకు చెప్పిన షేక్స్‌పియర్ పాఠాలను రికార్డు చేసి లోకానికంతటికీ ఉచితంగా వదిలారు. పాఠానికి ఒకే నాటకం, దాని గురించి ఒకే ప్రశ్న. షేక్స్‌పియర్ తోటి నాటకకర్తల మీద వేరే వరస పాఠాలున్నాయి.

ఉచిత పాఠమనేది కొత్త వింతేమీ కాదు లెండి. ఆ లండన్‌లోనే, ఆ షేక్స్‌పియర్ కాలంలోనే, 1597లో గ్రెషామ్ కాలేజీ తెరిచారు. థామస్ గ్రెషామ్ అనే వర్తకుడి వీలునామా ప్రకారం ఏడుగురు పండితులు రుసుము లేకుండా ఉపన్యాసాలివ్వాలి. ఆ ఉపన్యాసాలు నేటికీ నడుస్తున్నాయి. కాని డిగ్రీ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళకు ఆక్స్‌ఫర్డు 1920 దాకా, కేంబ్రిడ్జి 1948 దాకా తలుపు తీయలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు అన్నమాట! ఇక్కడ ఆడపిల్లల కోసం ఉస్మానియావారి కాలేజీ 1924లోనే వచ్చింది. 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయమైతే, ఇంటరు లేనివాళ్ళను కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది.

గౌలిపురాలో మాకు తెలిసిన పిన్నిగారొకరు ఆ దోవనే నలభయ్యోపడిలో బి.ఏ. అయ్యారు. ఇప్పుడు డెబ్భై దాటాయి. బాబాయిగారు పోయి చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చెవిలో పాఠం పెట్టుకుంటారు. మొదట్లో ఆ ఉచ్చారణ అందక, ఫోనులో వేగం తగ్గించుకుని విన్నారు. ముందు నాటకం చదవడం, తర్వాతే పాఠం వినడం ఆవిడ పద్ధతి. ఆ నాటకాలన్నీ కాపీరైటు దాటిపోయినవే గనక పుస్తకం ఖర్చు కూడా లేదు.

అలా వింటూ చదువుతూ ఆవిడ జాన్ వెబ్‌స్టర్ రాసిన ‘డచెస్ ఆఫ్ మాల్ఫీ’ దగ్గర ఆగిపోయారు. 1623లో అచ్చయిన నాటకం. మాల్ఫీ దొరసాని చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుంది. తోడబుట్టినవాళ్ళిద్దరు. ఒకడు పెద్ద మతగురువు, ఒకడు ఆమెతో కవలగా పుట్టిన ఫెర్డినాండ్ ప్రభువు. మళ్ళీ పెళ్ళి మాటెత్తావంటే చూడమని ఇద్దరూ బెదిరిస్తారు. ఆమె తన దివాణం లెక్కలు చూసే ఆంటోనియోను గుట్టుగా పెళ్ళాడుతుంది. పెళ్ళి మాట ఎత్తేదీ ఆమే, ఉంగరం తొడిగేదీ ఆమే. ముగ్గురు పిల్లలు పుడతారు. గుట్టు బయటపడ్డాక అన్నదమ్ములు ఆమెను బంధించి, గొంతుకు తాడు బిగించి చంపిస్తారు.

ఆ అచ్చు ప్రతిలో వేషధారుల పేర్లు కూడా వేశారు. దొరసాని పేరు పక్కన ఆర్. షార్ప్ అని ఉంటుంది. రిచర్డ్ షార్ప్, మగపిల్లవాడు! నవ్వకండి. స్థానం నరసింహారావుగారి సత్యభామకు మురిసిపోయిన జాతి మనది. సురభివాళ్ళు మాత్రం తమ ఇంటి ఆడవాళ్ళనే రంగం మీదికి తెచ్చారు, అది వేరే సంగతి.

ఫెర్డినాండుకు అంత కసి ఎందుకన్నదే పండితులకు తెగని ప్రశ్న. వంశగౌరవమా, చెల్లెలి మీద చెప్పుకోలేని వ్యామోహమా అని ఎన్నో వాదాలు. పిన్నిగారు అన్నీ విని, “అదంతా సరేగానీ అమ్మాయ్, ఆవిడ ఆస్తి ఎవరికి పోతుందిట?” అన్నారు.

నాలుగో అంకం తీసి చూడండి. చంపించాక ఫెర్డినాండు నోటే ఆ మాట వస్తుంది. ఆమె విధవగానే ఉండిపోతే, పోయాక ఆ సొమ్ము తనకొస్తుందని ఆశపడ్డాడట. నిజమే చెబుతున్నాడా, అసలు కారణాన్ని డబ్బు కింద దాచుకుంటున్నాడా అని విమర్శకులకు అనుమానం. పిన్నిగారికి ఏ అనుమానమూ లేదు. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్ళికి ఒప్పుకుంటూనే, మళ్ళీ పెళ్ళాడినామె మొదటి భర్త ఆస్తి మీద హక్కు వదులుకోవాలంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు చేయించిన మొదటి వితంతు వివాహం ఆ చట్టం నీడనే జరిగింది. ఆచారం గురించి ఏ ఇంట్లోనైనా గొంతు పెరిగిందంటే ఆ ఇంటి దస్తావేజులు ఎక్కడున్నాయో కూడా చూడాలి కాబోలు. విదేశాల పాఠాల్లో వీరేశలింగంగారు ఎందుకొస్తారు? ఆ అతుకు మనమే వేసుకోవాలి.

ఇంకో అతుకు కూడా ఉంది. మాల్ఫీ దొరసాని అచ్చులోకి వచ్చిన మూడేళ్ళకు, 1626లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం భర్త పోయాడు. కొడుకు అబ్దుల్లాకు పన్నెండేళ్ళు. ఆ పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి రాజ్యం నడిపించింది ఆవిడే. 1667 దాకా బతికింది. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల్లో సుల్తానుల పక్కన సుల్తానులంత సమాధి ఆవిడది. హయత్‌నగర్ పేరూ ఆవిడదే. ఆవిడకు అన్నదమ్ములు లేరు. అదే కలిసొచ్చిందేమో, ఈసారి వెళ్ళినప్పుడు పిన్నిగారిని అడగాలి.