గోడ కదిపితే కాగితం కావాలి: ఇంటి అనుమతుల వెనుక చరిత్ర

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రిటైరైన వారి విషయంలో దానికి ఇంకొక మాట చేర్చవచ్చు: కట్టిన ఇంటి మీద మరో వాటా వేసి చూడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతికి రాగానే మనలో చాలామంది తలపెట్టే పని అదే గదా! అబ్బాయికి పైన రెండు గదులు, మోకాళ్ళ నొప్పులున్న ఇల్లాలికి కింద ఒక బాత్‌రూము, వీలైతే అద్దెకు ఒక చిన్న పోర్షను. మేస్త్రీ వస్తాడు, టేపు పెట్టి కొలుస్తాడు. "సొంత ఇల్లే గదండీ, దీనికి పర్మిషనెందుకు?" అంటాడు. ఆ మాట మన చెవికి ఇంపుగానే ఉంటుంది.

నా సర్వీసులో ఎక్కువ కాలం ఒక మునిసిపల్ కార్యాలయంలో, ఇళ్ళ ప్లాన్ల ఫైళ్ళ మధ్యనే గడిచింది. ఆ "ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు రూలు పుస్తకంలో కంటే చరిత్రలో బాగా దొరుకుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఇదే రాద్దామనిపించింది.

నిప్పు నేర్పిన పాఠం

మన కోస్తా పట్టణాల్లో మునిసిపాలిటీలు పుట్టి నూట యాభై ఏళ్ళు దాటింది. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టాన్ని అనుసరించి 1866లో గుంటూరు, రాజమండ్రి, కాకినాడ మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. బెజవాడకు 1888లో ఆ హోదా వచ్చింది. అప్పటి ఊళ్ళలో మేడలు తక్కువ, తాటాకు ఇళ్ళు ఎక్కువ. ఎండాకాలం వడగాడ్పు వేళ ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ లేస్తే వీధి వీధంతా బుగ్గి అయ్యేది. తన కప్పు మీద ఏం కప్పుకోవాలన్నది ఇంటివాడి సొంత విషయంలాగే కనిపిస్తుంది. కాని అంటుకునేది అతని ఇల్లొక్కటే కాదు.

అందుకే 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో గడ్డి, ఆకు, చాప వంటి త్వరగా అంటుకునే వస్తువులతో కప్పుగాని గోడగాని వేయాలంటే అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉంది. అదే సంవత్సరం మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం కూడా వచ్చింది. ఒక్కొక్క ఇంటినే కాక వీధినీ పేటనూ కలిపి ముందుగా ఆలోచించాలన్న భావన ఆ చట్టంతో మన జిల్లాలకు చేరింది. ఆంధ్ర ప్రాంతపు పట్టణాల్లో ఆ మునిసిపల్ చట్టం 1965 దాకా నడిచింది. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చి రెండు ప్రాంతాల పాత చట్టాల స్థానం తీసుకుంది.

నీరు నేర్పిన పాఠం

హైదరాబాదుకు గురువు మూసీ నది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని, 19 వేల ఇళ్ళు కూలాయని, 80 వేల మంది నిలువనీడ లేనివారయ్యారని లెక్క చెబుతారు. నది ఒడ్డునే ఒకదాన్నొకటి ఆనుకుని కట్టిన మట్టి ఇళ్ళు నీళ్ళలో కరిగిపోయాయి. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆయన సలహా ఫలితమేనని మనందరికీ తెలుసు. ఆయన నదికి అటూ ఇటూ కట్టలు, ఊరికి మురుగు కాలువల ఏర్పాటు కూడా సూచించారు. ఈ సంగతి అంతగా గుర్తుండదు.

1911లో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ చొరని ఇరుకు ఇళ్ళే జబ్బుకు పుట్టిళ్ళన్న ఆలోచన బలపడింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉర్దూలో దాన్ని ఆరాయిష్ బల్దా అనేవారు. ఆరాయిష్ అంటే అలంకరణ, బల్దా అంటే నగరం. కాని అది చేసిన పని పైపూత మాత్రం కాదు. ఇరుకు పేటలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది, కాలువలు వేసింది, తక్కువ ఆదాయం వారికి వరుస ఇళ్ళు కట్టించింది. పత్తర్‌గట్టీలో ఒకే తీరున, ఒకే ఎత్తున నిలబడిన రాతి దుకాణాల వరుస చూస్తే ఆనాటి ఉద్దేశం అర్థమవుతుంది. ఎవరి ముఖద్వారం వారిదే అయినా వీధి అందరిదీ. 1960లో ఈ మండలి ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డులో కలిసిపోయింది.

మరమ్మతు ఏది, మార్పు ఏది

స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం మనకు ముఖ్యం. ఈ చట్టం కింద 1960లో హైదరాబాదు, సికింద్రాబాదు కార్పొరేషన్లు ఒకటయ్యాయి. 1979లో విశాఖపట్నం, 1981లో విజయవాడ కార్పొరేషన్లయినప్పుడు వాటికీ ఈ చట్టపు నిబంధనలే ఆధారమయ్యాయి. ఇందులో 428వ సెక్షను కొత్తగా ఇల్లు కట్టదలచినవారు కమిషనరుకు ముందుగా తెలపాలంటుంది. 433వ సెక్షను ఉన్న ఇంటికి చేర్పులు, మార్పులు చేసేవారిని గూర్చినది. అనుమతి పత్రాల మీద దశాబ్దాలుగా ఈ రెండు అంకెలూ జంటగా కనిపిస్తూ వచ్చాయి.

ఈ రెండో సెక్షను స్వభావం తెలిస్తే మేస్త్రీ మాటకు మనమే జవాబు చెప్పగలం. సున్నం వేయడం, గచ్చు మార్చడం, పగిలిన పెంకులు తీసి కొత్తవి వేయడం, తలుపులకు రంగు, కుళాయి గొట్టాల మరమ్మతు, ఇవి ఇంటిని ఉన్నదున్నట్టు నిలబెట్టే పనులు. వీటికి ప్లాను అక్కరలేదు. కప్పును మోసే గోడ తీయడం, బయటి గోడను చాలా మేరకు పడగొట్టి మళ్ళీ కట్టడం, పైన అంతస్తు వేయడం, వరండాను గదిగా మూయడం, ఇంటిని దుకాణంగా మార్చడం, ఇవి ఇంటి బరువునో, ఆకారాన్నో, వాడకాన్నో మార్చే పనులు. వీటికి అనుమతి కావాలి. ఖర్చు ఎంతన్నది కొలత కాదు. లక్షలు పోసి పాలరాయి పరిస్తే కాగితం అక్కరలేదు. ఇటుకలు పేర్చి మెట్ల కింద ఒక చిన్న గది కడితే కావాలి.

ఆ చట్టంలో పౌరుడి పక్షాన కూడా ఒక నిబంధన ఉంది. అన్ని కాగితాలతో అర్జీ ఇచ్చిన 30 రోజుల్లో కార్యాలయం ఏ జవాబూ చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే భావించి, నిబంధనలకు లోబడి పని మొదలుపెట్టవచ్చు. ఈ సంగతి తెలిసిన అర్జీదారులు మా రోజుల్లో బహు కొద్దిమంది. తెలియజెప్పిన గుమాస్తాలు ఇంకా కొద్దిమంది.

రుసుము దేనికి

కౌంటరు దగ్గర ఎక్కువ తగాదాలు చలానా చూసిన తరువాతే వచ్చేవి. "ఇన్ని పద్దులేమిటండీ?" అని అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే. అనుమతి రుసుము ప్లానును పరిశీలించి, స్థలం చూసి వచ్చినందుకు. బెటర్‌మెంట్ చార్జీలు ఆ పేటలో రోడ్లు, కాలువలు వేసేందుకు. ప్రజల డబ్బుతో రోడ్డు పడితే పక్క స్థలానికి విలువ పెరుగుతుంది గనుక ఆ లాభంలో కొంత ఊరికి తిరిగి రావాలన్నది దాని వెనుక తర్కం. డెవలప్‌మెంట్ చార్జీలు 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంతో వచ్చాయి. హుడా ఏర్పడింది ఆ చట్టం కిందనే. 1996 నాటి కేంద్ర చట్టంతో నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు చేరింది. సొంతానికి కట్టుకునే చిన్న ఇళ్ళకు అందులో మినహాయింపు పెట్టారు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చాక వాన నీటి గుంట తప్పనిసరి అయింది. శిథిలాల తరలింపునకు మల్బా చార్జీలు వేరే.

ఈ పద్దులన్నీ కలిపినా మొత్తం ఇంటి ఖర్చులో చిన్న భాగమే. మనిషిని అనుమతికి దూరం చేసింది రుసుము కాదు. తిరుగుడు, ఆలస్యం, చలానాలో కనిపించని ఖర్చు. ఆ మాట దాచితే ఇంతకాలం అందులో పనిచేసిన నేను అబద్ధమాడినట్టే.

నా కథ

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. 1991లో మా ఇంటి మీద నేనూ ఒక గది వేశాను. పిల్లల చదువుల ఒత్తిడి, చేతిలో కొద్దిపాటి పి.ఎఫ్. అప్పు. ప్రతిరోజూ పరుల ప్లాన్ల మీద ఎర్ర సిరాతో "సెట్‌బ్యాక్ చాలదు" అని రాసే నేను, నా ఇంటి పక్క సందును మూడడుగుల మేర మింగేశాను. ప్లాను పెట్టలేదు. తోటి ఉద్యోగిని ఎవరు అడుగుతారన్న ధీమా. దీపం కింద చీకటి అంటారు, అదే.

2007 డిసెంబరు 31న ప్రభుత్వం భవనాల క్రమబద్ధీకరణ పథకం ప్రకటించింది. జనం నోట అది బి.పి.ఎస్. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా అనుమతి లేకుండాగాని, అనుమతికి విరుద్ధంగాగాని కట్టిన వాటికి అపరాధ రుసుము కట్టించుకుని పత్రం ఇచ్చారు. నేనూ వరుసలో నిలబడి కట్టాను. మొదటే కట్టవలసిన అనుమతి రుసుముకు అది ఎన్నో రెట్లు. పత్రం వచ్చింది, మనసు తేలికపడిందనుకున్నాను.

ఒకరోజు పక్కింటి పిన్నిగారికి పండుగ ప్రసాదం ఇవ్వడానికి వెళ్ళాను. పొద్దున పది గంటలు. వంటింట్లో లైటు వేసి ఉంది. "పగలే లైటెందుకు పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ నొచ్చుకునేలా ఏమీ అనలేదు. "మీ గది లేచినప్పటి నుంచీ ఇంతేగా నాయనా" అని తన పనిలో పడిపోయింది. పదిహేడేళ్ళు ఆవిడ ఆ చీకట్లో వండింది. నా జరిమానా ఖజానాకు చేరింది, ఆవిడ కిటికీకి చేరలేదు.

రుసుముకూ జరిమానాకూ ఉన్న తేడా నాకు ఆ రోజు తెలిసింది. ముందు కట్టే రుసుము గోడ లేవకముందు ఒకరిని ఆలోచించమంటుంది. తరువాత కట్టే జరిమానా గోడను కదిలించదు. 2015లో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ మళ్ళీ ఇటువంటి పథకాలు వచ్చాయి. ప్రతి పథకం వెనుకా నాలాంటి మధ్యతరగతి కష్టాలున్నాయి, కాదనను. కాని ఇంకో పథకం రాకపోతుందా అన్న ఆశతోనే కొత్త సందులు మూసుకుపోయాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా కాలం గడిచిందనో, డబ్బు ఖర్చయిందనో అక్రమ నిర్మాణం సక్రమం కాబోదని స్పష్టంగా చెప్పింది.

మారిన రోజులు

ఇప్పుడు అమోనియా వాసన కొట్టే నీలి ప్రింట్లు లేవు. తెలంగాణలో 2020 చట్టంతో టి.ఎస్. బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి అక్కరలేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలని అందులో పెట్టారు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు యజమాని స్వయంగా ధృవీకరిస్తే వెంటనే అనుమతి. పెద్దవాటికి 21 రోజుల గడువు. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఏర్పాటు ప్రవేశపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అర్జీలు ఆన్‌లైన్లోకి మారాయి.

తిరుగుడు తగ్గింది, సంతోషం. కాని బాధ్యత కార్యాలయం నుంచి మన సంతకం మీదికి వచ్చింది. అబద్ధపు ధృవీకరణ ఇస్తే కూల్చే అధికారం కూడా ఆ చట్టమే ఇచ్చింది. అందుచేత మిత్రులకు నా మనవి ఇది. పని తలపెట్టకముందు పాత మంజూరు ప్లాను వెతికి తీయండి. పునాది ఎన్ని అంతస్తులకు వేశారో ఇంజనీరుకు చూపించండి. ఇంటి పన్ను రసీదును అనుమతి అనుకోకండి, పన్ను వేరు, మంజూరు వేరు. రుసుముల రేట్లు మారుతుంటాయి గనుక ఆ రోజు రేటు ఆ రోజే అడగండి. పని పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకుని దస్తావేజులతో కలిపి పెట్టండి. రేపు అప్పుకో, అమ్మకానికో, పిల్లల పంపకాలకో అది లేక ఇబ్బందిపడేది మనం కాదు, మన వెనుకవారు.

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. దానికి ఏ రుసుమూ లేదు. కొత్త గోడ లేవబోయే చోట నిలబడి, పక్కింటివైపు ఒకసారి చూడండి. అక్కడ కిటికీ ఉందేమో.