రఘునందన్ కేసు: ఆగింది అమలే, తీర్పు కాదు

2012 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని కింగ్ ఆఫ్ ప్రష్యాలో ఓ తెలుగు కుటుంబానికి చెందిన 10 నెలల పాప అపహరణకు గురైంది. పాపనూ నానమ్మనూ చంపేశారు. ఇంట్లో దొరికిన బెదిరింపు లేఖలో తల్లిదండ్రుల ముద్దుపేర్లు ఉండటంతో పోలీసులు పరిచయస్తులను ఆరా తీశారు. పరిచయస్తుడైన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి యండమూరి రఘునందన్ నేరం ఒప్పుకున్నాడు.

కోర్టులో మాట మార్చాడు. ఒత్తిడి చేసి ఒప్పించారని, చంపింది వేరే ఇద్దరని వాదించాడు. అదీ లాయర్‌ను కాదని, సొంతంగా! ప్రాణం మీదికొచ్చిన కేసులో ఇంతకంటే పెద్ద సాహసం ఉండదు. జ్యూరీ నమ్మలేదు. 2014లో మరణశిక్ష పడింది. 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

2018 ఫిబ్రవరి 23న శిక్ష అమలంటూ మన మీడియా హడావుడి చేసింది. అమలు కాలేదు. అతని వాదన నెగ్గిందని కాదు. మరణశిక్షల అమలును గవర్నర్ టామ్ వుల్ఫ్ 2015లోనే నిలిపేశారు. మరి తేదీ ఎందుకు? గడువులోగా గవర్నర్ వారెంట్‌పై సంతకం చేయకపోతే, జైళ్ల శాఖ కార్యదర్శే తేదీ ప్రకటించాలన్నది అక్కడి చట్టం. తర్వాతి గవర్నర్ జోష్ షపీరో కూడా సంతకాలు పెట్టనని 2023లో ప్రకటించారు. ఆ రాష్ట్రంలో చివరిసారి మరణశిక్ష అమలైంది 1999లో. 1976 తర్వాత అక్కడ ఆ శిక్ష అమలైన ముగ్గురూ అప్పీళ్లు వదులుకున్నవారే.