రైలా, కారా? మన ఇంట్లో జరిగే ఈ గొడవ వెనకున్న 160 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ టాపిక్ చూడ్డానికి చాలా చిన్నది. సెలవులొచ్చాయి, ఇంట్లో అయిదుగురు, చెన్నైకో బెంగళూరుకో పోవాలి. నాన్న కారు తీద్దామంటాడు, అమ్మ రైలే నయమంటుంది. అవ్వేమో "మోకాళ్లు పట్టేసినాయి, మీరెట్లా తీసుకుపోతే అట్లా వస్తా" అంటుంది. మనం ఫోన్లో ఒక పక్క మ్యాప్, ఇంకో పక్క రైలు టికెట్ల యాప్ తెరిచి కూర్చుంటాం.

కానీ ఒక్కటి గమనించండి. ఇదే ప్రశ్న తిరుపతిలో అడిగితే ఒక జవాబు వస్తుంది. పలమనేరులో ఇంకోటి, కుప్పంలో మరోటి. చిత్తూరు వాళ్లనడిగితే "చెన్నైకైతే రైలు, బెంగళూరుకైతే రోడ్డు" అంటారు. ఎందుకిట్లా? ఈ నిర్ణయంలో సగం మన తాతల తాతలు పుట్టకముందే ఎవరో తీసేసుకున్నారు కాబట్టి. ఆ కథ చూద్దాం.

దక్షిణ భారతంలో మొదటి ప్యాసింజర్ రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది. అంటే మన చిత్తూరుకు దగ్గర్లోకే. తర్వాత మద్రాస్ రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి ఇంకో లైను ఉత్తరం వైపు తిప్పింది. అది 1862లో రేణిగుంట చేరింది. అక్కణ్ణుంచి కడప, గుంతకల్లు మీదుగా 1871లో రాయచూరు దాకా పోయి, బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది.

ఇక్కడ అసలు పాయింట్. ఆ లైను తిరుపతి కోసం వేసింది కాదు. మద్రాసునీ బొంబాయినీ కలపడానికి వేసింది. అందుకే దేశంలోనే పెద్ద పుణ్యక్షేత్రాల్లో ఒకటి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నా, రైలు రేణిగుంటలో ఆగి అట్నుంచి అటే వెళ్లిపోయింది. మన జిల్లాకు ఇంకో మూలన ఉన్న కుప్పం కథ కూడా ఇంతే. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు వేసిన లైను దారిలో కుప్పం తగిలింది. అందుకే మద్రాసు, బెంగళూరు రెండింటికీ నేరుగా రైలున్న ఊరు అయింది. లాటరీ తగిలినట్టన్న మాట.

తర్వాత వచ్చింది కరువు. 1876-78లో వచ్చిన ఆ మహా కరువును మన పెద్దోళ్లు ధాత కరువు అంటారు. రాయలసీమ అల్లాడిపోయింది. తర్వాత వేసిన కరువు కమిషన్ 1880లో ఒక మాట చెప్పింది: తిండి గింజలు త్వరగా చేరాలంటే కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు కావాలి అని. ఆ తర్వాతి పదేళ్లలో మన వైపు మీటరు గేజి లైన్లు వచ్చాయి. 1890ల మొదటికల్లా గూడూరు నుంచి రేణిగుంట, తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి ఒక లైను ఉంది. పాకాల నుంచి మదనపల్లె వైపుగా ధర్మవరానికి ఇంకోటి ఉంది. పాకాల జంక్షన్ అట్లా పుట్టింది.

సమస్య ఎక్కడొచ్చిందంటే గేజి దగ్గర. మద్రాసు–బొంబాయి లైను బ్రాడ్‌గేజి, పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. మన లైన్లేమో మీటరు గేజి, సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. ఒక రైలు ఇంకోదాని పట్టాల మీద నడవదు. అంటే ఏమైంది? బ్రాడ్‌గేజి బండిలో వచ్చిన కుటుంబం రేణిగుంటలోనో కాట్పాడిలోనో దిగాలి. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, నీళ్ల కూజా, పులిహోర మూట, నిద్రపోయే పిల్లోళ్లు, అన్నీ దించి చిన్న బండిలోకి ఎక్కించాలి. ఈ బాధ ఏదో ఒకట్రెండేళ్లు కాదు. పాకాల చుట్టుపక్కల లైన్లు బ్రాడ్‌గేజిగా మారింది 2000 తర్వాతే. మీ అమ్మానాన్నల పెళ్లినాటికి కూడా అక్కడ చిన్న బండే ఉండొచ్చు, అడిగి చూడండి.

మదనపల్లె సంగతి ఇంకా విచిత్రం. దాని పేరుతో ఉన్న మదనపల్లె రోడ్డు స్టేషను ఊళ్లో లేదు, కిలోమీటర్ల అవతల సీటీఎం దగ్గరుంది. పలమనేరు, పుంగనూరుకైతే ఆ మాత్రం కూడా లేదు. వాళ్లకున్నది రోడ్డు. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగళూరుకు పోయే పాత రోడ్డు. అందుకే పలమనేరులో "రైలా, కారా" అని అడిగితే నవ్వుతారు. అక్కడ ప్రశ్న "బస్సా, కారా".

సరే, రైలున్న ఊళ్లవాళ్లు సుఖంగా పోయారా? లేదు. మూడో తరగతి పెట్టెల్లో కుక్కుకుని పోయారు. యాత్రికులు ఎక్కువగా ఎక్కేది అవే. గాంధీ 1917లో బొంబాయి నుంచి మద్రాసుకు మూడో తరగతిలో ప్రయాణం చేసి, ఆ రద్దీ, ఆ మురికి గురించి ఘాటుగా రాశారు. అయినా జనం రైలే ఎక్కారు. ఎందుకంటే దాని బదులు ఉన్నది ఎద్దులబండి.

ఆ లెక్క మార్చింది మోటారు బస్సు. 1930లకల్లా ప్రైవేటు బస్సులు ఊరి మధ్యలోకొచ్చి జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాయి. రైల్వే ఆదాయానికి దెబ్బ తగులుతోందని బ్రిటిష్ ప్రభుత్వం కంగారు పడింది. రోడ్డు–రైలు పోటీ మీద 1933లో ఒక నివేదికే తెప్పించుకుంది. 1939 మోటారు వాహనాల చట్టంతో పర్మిట్లు, రూట్లు గట్టిగా తన చేతిలోకి తీసుకుంది. అంటే "రైలా, రోడ్డా" అనే గొడవ మన డైనింగ్ టేబుల్ దగ్గర కంటే ముందు ప్రభుత్వం టేబుల్ మీద జరిగింది.

మన తిరుపతికి అసలు మలుపు 1944. ఆ ఏడాది తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. అంతకుముందు కొండెక్కాలంటే కాలినడకన పోవాలి, లేకపోతే డోలీలో మోయించుకోవాలి. ముసలోళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఘాట్ రోడ్డు వచ్చాక మద్రాసులో ఇంటి ముందు బండెక్కి, కొండ మీద దిగే వీలొచ్చింది. రైల్లో అయితే రేణిగుంటలో మారాలి, తిరుపతిలో జట్కా ఎక్కాలి, మళ్లీ కొండకు బస్సు పట్టుకోవాలి. 1974లో రెండో ఘాట్ రోడ్డు కూడా వచ్చింది. ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది అయింది. రైలు దూరాన్ని తగ్గించింది కానీ, మార్పిళ్లను తగ్గించింది రోడ్డే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అయితే అప్పటికి కారు అందరిదీ కాదు. అంబాసిడర్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. మధ్యతరగతి ఇంటికి కారంటే పెళ్లికో ఆసుపత్రికో మాట్లాడుకునే టాక్సీ. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే జీతం మీద బతికే కుటుంబం సొంత కారు గురించి ఆలోచించగలిగింది. 1994లో టాటా సుమో వచ్చింది. సినిమాల్లో రాయలసీమ అంటే సుమోలు గాల్లోకి లేస్తాయి కానీ, నిజంగా మన ఊళ్లలో సుమో చేసిన పని వేరు. అవ్వా తాతా, అత్తా మామా, పిల్లోళ్లు అందర్నీ ఒకే బండిలో ఎక్కించింది. టికెట్ తలకింత, బండి బాడుగ కిలోమీటరుకింత. మనుషులు పెరిగేకొద్దీ బండి చవకవుతుంది. ఉమ్మడి కుటుంబాలకు ఈ లెక్క చాలా త్వరగా అర్థమైంది.

తర్వాత పెద్ద రోడ్లు. 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిలో చెన్నై–బెంగళూరు ముక్క ఎటు పోవాలి? పాత రోడ్డు చిత్తూరు మీదుగా ఉంది. కానీ చతుర్భుజి వేలూరు, కృష్ణగిరి మీదుగా పోయింది. 1862లో రైలు తిరుపతిని తప్పించుకుపోయినట్టే, ఈసారి రోడ్డు చిత్తూరును తప్పించుకుపోయింది. ఇప్పుడు కడుతున్న సుమారు 260 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మళ్లీ మన జిల్లాలోకి వస్తోంది. దానికి 2022 మే నెలలో శంకుస్థాపన జరిగింది.

రైలు వైపూ రూల్స్ మారాయి. 2002లో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు రావడంతో తెల్లారుజామున కౌంటర్ క్యూలో నిలబడే బాధ తగ్గింది. కానీ 2016 ఏప్రిల్ నుంచి 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఆపేశారు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఇవన్నీ ఎవరి మీద పడతాయి? ఒంటరిగా తిరిగే కుర్రాళ్ల మీద తక్కువ. పిల్లలు, పెద్దోళ్లు ఉన్న కుటుంబం మీదే ఎక్కువ.

మరి ఇప్పుడు ఏం చేద్దాం? తిరుపతి–చెన్నై పోనూ రానూ 270 కిలోమీటర్లు అనుకుందాం. మీ బండి లీటరుకు 15 ఇస్తే 18 లీటర్లు. లీటరు 110 అనుకుంటే దాదాపు 2,000 రూపాయలు, టోలు, పార్కింగు అదనం. దీన్ని అయిదు టికెట్లతో పోల్చండి, కానీ అక్కడితో ఆగొద్దు. స్టేషను నుంచి మీరు పోయే చోటికి ఎన్ని మార్పిళ్లో లెక్కపెట్టండి. టీ నగర్‌లో పట్టు చీరలు కొనడానికైతే, చెన్నైలో దిగాక లోకల్ రైలు ఉంది, కారుంటే పార్కింగే తలనొప్పి. అవ్వను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఒక్క మెట్టు ఎక్కువైనా కష్టమే. ఇంకోటి, 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజంతా ఊరు తిరిగి, రాత్రి నాన్నే డ్రైవ్ చేసుకుంటూ వెనక్కి రావాలనుకుంటే, ఆ రాత్రి రైలు టికెట్ ఎంతైనా ఖరీదు కాదు.

చివరగా ఒక మాట. "రైలా, కారా" అని అడగగలిగేది రెండూ ఉన్నవాళ్లే. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీకి చూపించుకోవడానికి పోయే ముసలామెకు కాట్పాడి బండి ఉంది. పుంగనూరులో కారు లేని ముసలామెకు ఏముంది? బస్సు, అదీ సీటు దొరికితే. 1862లో, 1890లలో గీసిన గీతలు ఆమె ప్రయాణాన్ని ఇవాళ కూడా నిర్ణయిస్తున్నాయి. అందుకే ఒక లైను ఎటు వేయాలి, ఒక ప్యాసింజర్ బండి ఉండాలా ఆపేయాలా అనే చర్చ వచ్చినప్పుడు అది బోరింగ్ వార్త అని పక్కకు నెట్టేయకండి. మన మనవళ్లు ఎట్లా పోవాలో అప్పుడే తేలిపోతుంది.

మీ ఇంట్లో పెద్దోళ్లు మొదటిసారి మద్రాసుకో బెంగళూరుకో ఎట్లా పోయారో అడిగి తెలుసుకోండి, కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.