ఇల్లా, శానటోరియమా? మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన (1956–1959): ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధంలో క్షయకు చికిత్స అంటే శానటోరియంలో చేరడమే. విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, పుష్టికరమైన ఆహారం ఆ చికిత్సకు ఆధారాలు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానటోరియం ఈ సంప్రదాయానికి చెందినదే. 1940లలో స్ట్రెప్టోమైసిన్, పారా అమినో సాలిసిలిక్ ఆమ్లం (పాస్), 1952లో ఐసోనియాజిడ్ అందుబాటులోకి రావడంతో మందులతోనే వ్యాధి నయమయ్యే అవకాశం ఏర్పడింది. అయితే భారతదేశంలో రోగుల సంఖ్యతో పోలిస్తే ఆసుపత్రి పడకలు అత్యల్పం. పడక దొరకని రోగికి ఇంటివద్దే మందులివ్వడం గత్యంతరంలేని రాజీయా, శాస్త్రసమ్మతమైన చికిత్సయేనా అన్నది నాటి ప్రధాన ప్రశ్న.

అధ్యయన విధానం

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. వాలెస్ ఫాక్స్ దీనికి నాయకత్వం వహించారు. నగరంలోని పేద కుటుంబాలకు చెందిన 193 మంది రోగులను యాదృచ్ఛిక పద్ధతిలో గృహచికిత్స, శానటోరియం వర్గాలుగా విభజించారు. రెండు వర్గాలకూ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ ఇచ్చారు. మందులు ఒకటే కావడంతో, విశ్రాంతి, ఆహారం, వసతి వల్ల కలిగే తేడాను విడిగా అంచనా వేయడం సాధ్యమైంది. రోగుల కుటుంబసభ్యులను కూడా పరీక్షిస్తూ వచ్చారు.

ఫలితాలు

1959లో వెలువడిన నివేదిక ప్రకారం, ఏడాది చివరికి వ్యాధి సూక్ష్మజీవశాస్త్రపరంగా శాంతించినవారు గృహచికిత్స వర్గంలో 86 శాతం, శానటోరియం వర్గంలో 92 శాతం. ఐదేళ్ల తరువాత ఈ అంకెలు వరుసగా 90, 89 శాతంగా నమోదయ్యాయి. ఇంటివద్ద ఉన్నవారు ఇరుకు గదుల్లో, తక్కువ పోషకాహారంతో, ఎక్కువ శారీరక శ్రమతో జీవించినవారు కావడం గమనార్హం. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు ముప్పు పెరిగినట్లు కూడా కనిపించలేదు. వారికి ప్రధానమైన ముప్పు చికిత్స మొదలుకాక ముందటి సహవాసం వల్ల కలిగినదేనని దీనివల్ల భావించవచ్చు.

విశ్లేషణ

ఈ ఫలితాన్ని ‘ఇల్లు చాలు’ అని సంగ్రహించడం పరిపాటి. ఆ సంగ్రహం పరిశోధనలోని ముఖ్యమైన షరతును విస్మరిస్తుంది. ఇక్కడ రోగికి మందులు ఉచితంగా అందాయి. సిబ్బంది ఇళ్లకు వెళ్లారు. మందులు వాడుతున్నదీ లేనిదీ ముందుగా చెప్పకుండా మాత్రలు లెక్కించి, మూత్రపరీక్షలు చేసి తెలుసుకున్నారు. అంటే శానటోరియం గోడలు తొలగినా, దాని బాధ్యత తొలగలేదు. రోగి స్వయంగా మందులు వాడుకోవడంలోని సమస్యను ఫాక్స్ 1958లోనే ప్రత్యేకంగా చర్చించారు. ఇదే కేంద్రం అనంతరం వారానికి రెండుసార్లు పర్యవేక్షణలో మందులిచ్చే పద్ధతిని పరీక్షించింది. 1990లలో ప్రపంచవ్యాప్తమైన ప్రత్యక్ష పర్యవేక్షణ చికిత్సకు మూలాలు ఇందులో ఉన్నాయి.

ముగింపు

1962లో రూపుదిద్దుకున్న జాతీయ క్షయ నివారణ కార్యక్రమం గృహచికిత్సనే అనుసరించింది. పేదరికం క్షయ చికిత్సకు అనివార్యమైన అడ్డంకి కాదని మద్రాసు పరిశోధన నిరూపించింది. అయితే పడకల ఖర్చు తగ్గించడానికి దానిని ఆధారంగా చూపేవారు, ఆ ఫలితాన్ని సాధ్యం చేసిన నిరంతర సేవను కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. ఆ సేవ లోపించినచోట గృహచికిత్స రోగిని అతని మానాన వదిలేయడంగా మారే ప్రమాదం ఉంది.